సెల్‌ఫోను ధర దేశానికొక తీరు ఎందుకు? పన్ను, కరారు, తాళం – మూడు లెక్కలు

తల్లిదండ్రులతో పాటు పెద్ద తరగతుల పిల్లలు కూడా ఇది చదవాలి. చదవడం రాని పెద్దవాళ్ళకు ఇంట్లో చదివి వినిపించాలి.

మన హోసూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు అమెరికాలోనో, దుబాయిలోనో, సింగపూరులోనో ఉన్నారు. వాళ్ళు సెలవులకు వచ్చినప్పుడల్లా ఒకే మాట వింటాం. "అమెరికాలో సెల్లు ఊరికే ఇస్తారు." "దుబాయిలో సగం ధరే." ఆ మాట పిల్లల చెవిన పడుతుంది. తర్వాత రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఇక్కడి అంగడివాడు మోసం చేస్తున్నాడని తండ్రికి అనుమానం వస్తుంది. లేదంటే, అక్కడి నుంచి తెప్పించుకుంటాడు, వచ్చిన సెల్లు ఇక్కడ పనిచేయదు. రెండో రకం కష్టం మన బడి పిల్లల ఇళ్ళలోనే జరిగింది. పదివేలు, ఇరవైవేలు మన కుటుంబాలకు చిన్న సొమ్ము కాదు. కొందరికి అది చీటీ పాడి తెచ్చిన డబ్బు.

అందుకే ఈ వ్యాసం. ఏ దేశంలో ఏ ధర విన్నా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ ధరలో పన్ను కలిసిందా? ఆ ధర వెనక ఏదైనా కరారు ఉందా? ఆ సెల్లుకు తాళం ఉందా? ఈ మూడూ తెలియకుండా రెండు దేశాల ధరలు పోల్చకూడదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వచ్చిన కూడిక, గుణకారం, శాతాలతోనే ఈ లెక్కలన్నీ చేయవచ్చు.

2008 నాటి ఒక లెక్క

మొదట పాత ఉదాహరణ తీసుకుందాం. 2008లో ఐఫోన్ 3జీ వచ్చింది. అమెరికాలో 8 జీబీ రకం ధర 199 డాలర్లు అని ప్రకటించారు. అప్పుడు డాలరు సుమారు 43 రూపాయలు. అంటే రూ. 8,600 లోపే. అదే ఆగస్టులో మన దేశంలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ కంపెనీలు దాన్ని రూ. 31,000కు అమ్మాయి. 16 జీబీది రూ. 36,100. "అక్కడ ఎనిమిదిన్నర వేలది ఇక్కడ ముప్ఫై ఒక వెయ్యా! ఇది దోపిడీ" అని దేశమంతా గోల చేశారు.

ఇప్పుడు అమెరికా ధరను విప్పి చూద్దాం. 199 డాలర్లకు సెల్లు కావాలంటే ఏటీ అండ్ టీ అనే కంపెనీతో రెండేళ్ళ కరారు మీద సంతకం పెట్టాలి. ఐఫోన్‌కు ఆ కంపెనీలో అన్నిటికన్నా తక్కువ ప్లాను నెలకు సుమారు 70 డాలర్లు. మాటలకు 40, ఇంటర్నెట్‌కు 30. ఎస్ఎంఎస్‌లకు వేరే.

నెలకు 70 చొప్పున 24 నెలలకు 1,680 డాలర్లు. దానికి సెల్లు ధర 199 కలిపితే 1,879 డాలర్లు. రూపాయల్లో దాదాపు 81 వేలు. మధ్యలో మానుకుంటే జరిమానా.

ఇక్కడ రూ. 31,000 పెట్టి కొన్నవాడు నెలకు రెండు వందలు రీచార్జి చేసుకున్నా, ఐదు వందలు చేసుకున్నా వాడి ఇష్టం. నెలకు ఐదు వందలే అనుకోండి. రెండేళ్ళకు 12,000. మొత్తం 43,000. అక్కడ 81 వేలు, ఇక్కడ 43 వేలు. మొదటి రోజు అంగట్లో ఇచ్చిన డబ్బు చూస్తే అమెరికావాడిది తక్కువ. రెండేళ్ళు కూడితే మనది తక్కువ.

అమెరికాలో సెల్లును అసలు ధరకన్నా తక్కువకు ఇచ్చింది తయారీ కంపెనీ కాదు, సిమ్ ఇచ్చే కంపెనీ. మిగతా సొమ్ము తయారీ కంపెనీకి తానే కట్టి, ఆ డబ్బును నెలనెలా బిల్లులో మెల్లగా రాబట్టుకుంది. మన ఊళ్ళో ఎరువుల అంగడివాడు పంట మీద తీర్చమని సరుకు అరువిచ్చి, పంట తనకే అమ్మాలని షరతు పెట్టినట్టన్నమాట.

ఇప్పటి "ఫ్రీ" ఎలా పనిచేస్తుంది

ఆ రెండేళ్ళ కరారు పద్ధతి ఇప్పుడు అమెరికాలో లేదు. 2013లో టీ-మొబైల్ మానేసింది. 2015లో వెరైజన్, 2016 మొదట్లో ఏటీ అండ్ టీ మానేశాయి. దాని చోట కంతులు వచ్చాయి. మనవాళ్ళు డ్యూలు అంటారే, అవే. సెల్లు పూర్తి ధరను 24, 30 లేదా 36 నెలలకు పంచి బిల్లులో కలుపుతారు.

మరి "ఫ్రీ" ఎక్కడి నుంచి వచ్చింది? లెక్క తేలిగ్గా ఉండడానికి సెల్లు ధర 828 డాలర్లు, కంతులు 36 అనుకుందాం. నెలకు 23 డాలర్లు. ప్రతి నెలా బిల్లులో 23 డాలర్లు కంతు అని కలుపుతారు. కిందనే 23 డాలర్లు తగ్గింపు అని తీసేస్తారు. కాబట్టి సెల్లు ఊరికే వచ్చినట్టే కనబడుతుంది. ఇలాంటి తగ్గింపు చాలాసార్లు ఖరీదైన ప్లాను తీసుకున్నవాళ్ళకే, అదీ పాత సెల్లు వెనక్కి ఇస్తేనే దొరుకుతుంది.

పది నెలలు గడిచాక ఆ మనిషి ఉద్యోగం మారి ఇండియాకు వచ్చేశాడు అనుకోండి. లైను మూసేస్తే తగ్గింపు ఆగిపోతుంది. కంతులు మాత్రం ఆగవు. ఇంకా 26 కంతులు, కంతుకు 23 చొప్పున 598 డాలర్లు బాకీ. ఊరికే వచ్చిన సెల్లుకు అప్పుడు యాభై వేల రూపాయల బిల్లు వస్తుంది. కాబట్టి మీ తమ్ముడో మేనల్లుడో "ఫ్రీగా వచ్చింది, నువ్వు వాడుకో వదినా" అని ఇస్తే, ప్రేమతో ఇచ్చినదే అయినా, కంతులు తీరాయా అని ఒక్క మాట అడగడం తప్పు కాదు.

మన దేశంలో ఈ పద్ధతి ఎందుకు నిలవలేదు

మన దేశంలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్‌వాళ్ళే. ముందు డబ్బు కట్టి తర్వాత వాడుకుంటారు. రేపు రీచార్జి చేస్తాడో లేదో తెలియని మనిషికి కంపెనీ ఇరవై వేల సెల్లు ముందే ఎలా ఇస్తుంది? పైగా 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వసతి వచ్చింది. ఈ నెల ఎయిర్‌టెల్, వచ్చే నెల జియో. పట్టి ఉంచే కరారు లేదు కాబట్టి సెల్లు మీద తగ్గింపూ లేదు. ఈ స్వేచ్ఛ మనకు ఉన్న లాభం. సెల్లు పూర్తి ధర మొదటి రోజే కనబడడం దానికి మనం ఇచ్చే మూల్యం.

అసలు మనకు ఈ పద్ధతి తెలియనే తెలియదని కాదు. 2003లో రిలయన్స్ వాళ్ళు రూ. 501 కట్టించుకుని చేతికి ఫోను ఇచ్చిన స్కీము పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫోనులో వేరే కంపెనీ సిమ్ వేసుకునే వీలే లేదు. మిగతా డబ్బు నెలనెలా కట్టాలి. 2017లో జియోఫోన్ రూ. 1,500 డిపాజిట్‌తో వచ్చింది. 2023లో జియోభారత్ రూ. 999కి వచ్చింది. రెండింటిలోనూ జియో సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. ధర తక్కువ ఉన్నచోట తాళం ఉంది. ఇందులో అమెరికాకూ మనకూ తేడా లేదు.

ఇంకో సంగతి. ధర మారడానికి దేశం దాటనక్కరలేదు, ఒకప్పుడు రాష్ట్రం దాటినా చాలు. ప్రభుత్వం దేశాన్ని టెలికాం సర్కిళ్ళుగా విడగొట్టింది. హోసూరు తమిళనాడు సర్కిల్లో ఉంటే, జూజువాడి దాటి అత్తిబెలెలో అడుగు పెడితే కర్ణాటక సర్కిల్. బెంగళూరుకు రోజూ పనికి పోయే మనవాళ్ళకు వచ్చే కాల్‌కు కూడా రోమింగ్ డబ్బు పడేది. అందుకే ఇద్దరు సిమ్‌లు పెట్టుకునేవాళ్ళు, రెండు సిమ్‌ల ఫోనే కొనేవాళ్ళు. 2016, 2017 ప్రాంతంలో జియో వచ్చాక, మిగతా కంపెనీలు దారికి వచ్చాక ఆ బాధ పోయింది. అంటే ధర అనేది వస్తువులోనే కాదు, గీతలు ఎక్కడ గీశారన్న దానిలో కూడా ఉంది.

కరారు ఇక్కడ పేరు మార్చుకుంది

సిమ్ కంపెనీ కరారు మన దేశంలో లేకపోయినా, ఫైనాన్స్ కంపెనీ కరారు ఉంది. "నో కాస్ట్ ఇఎంఐ" అని అంగట్లో బోర్డు చూస్తుంటారు. వడ్డీ లేదని దాని అర్థం అనుకుంటాం. నిజానికి "సున్నా శాతం వడ్డీ" అనే పద్ధతి సరికాదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అప్పు ఇచ్చేవాడికి వడ్డీ ఎలాగూ వస్తుంది. అది ఏ పేరుతో వస్తుందన్నదే ప్రశ్న.

ఒక లెక్క చూడండి. సెల్లు రూ. 12,000. నెలకు వెయ్యి చొప్పున 12 డ్యూలు. మొత్తం 12,000, వడ్డీ కనబడదు. అదే అంగట్లో "నగదు ఇస్తే ఎంత?" అని అడగండి. రూ. 11,000 అంటే, ఆ వెయ్యి రూపాయలే మీరు కట్టే వడ్డీ. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు ఉందా, ఒక డ్యూ తప్పితే జరిమానా ఎంత, ఇన్సూరెన్సు అని ఏమైనా కలిపారా – కాగితం మీద చదివి సంతకం పెట్టండి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటే మన పదో తరగతి పిల్లవాడిని తోడు తీసుకుపోండి. వాడికి అది మంచి పాఠం.

పన్ను: చీటీ మీద కలిసి ఉందా, లేదా?

మన దేశంలో డబ్బా మీద ఉండే ఎం.ఆర్.పి.లో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. సెల్‌ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. 2020 ఏప్రిల్ 1కి ముందు 12 శాతం ఉండేది. రూ. 11,800 పెట్టి సెల్లు కొంటే అందులో సరుకు ధర 10,000, జీఎస్టీ 1,800. పిల్లలు గమనించాలి: 11,800లో 18 శాతం కాదు, 10,000లో 18 శాతం.

అమెరికాలో అలా కాదు. చీటీ మీద ధర వేరు, బిల్లు కట్టేటప్పుడు వేసే సేల్స్ టాక్సు వేరు. అది రాష్ట్రానికొక తీరు. కాలిఫోర్నియాలో కనీసం 7.25 శాతం, చాలా ఊళ్ళలో ఇంకా ఎక్కువ. ఆరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో అసలు లేదు. దుబాయిలో 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, అది ధరలో కలిసే ఉంటుంది.

ఇప్పుడు ఒకే సెల్లును మూడు చోట్ల చూద్దాం. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 16, 128 జీబీ. అప్పుడు డాలరు సుమారు 84 రూపాయలు, దుబాయి దిర్హం 22 రూపాయల 87 పైసలు అనుకుందాం.

అమెరికాలో అందరూ చెప్పిన ధర 799 డాలర్లు. అంటే రూ. 67,116. మన దేశంలో రూ. 79,900. దాదాపు పదమూడు వేల తేడా. కానీ ఆ 799 అనేది అక్కడి సిమ్ కంపెనీతో కనెక్షన్ పెట్టుకునేవాళ్ళకు ఇచ్చిన ధర. ఏ కంపెనీ లేకుండా విడిగా కొంటే 829 డాలర్లు. దానికి కాలిఫోర్నియా పన్ను 7.25 శాతం కలిపితే సుమారు 889 డాలర్లు. రూపాయల్లో దాదాపు 74,700. తేడా అయిదు వేల పైచిలుకుకు దిగింది.

దుబాయిలో ధర 3,399 దిర్హములు. రూపాయల్లో సుమారు 77,700. తేడా రెండు వేల చిల్లర. "సగం ధర" ఎక్కడ ఉంది?

ఇంకో విధంగా చూడండి. 67,116కు మన 18 శాతం జీఎస్టీ కలిపితే 79,197. మన ధర 79,900. అంటే ఆ రకానికి అమెరికాకూ మనకూ కనబడే తేడా దాదాపు అంతా పన్నే. మరుసటి ఏడు 2025లో వచ్చిన ఐఫోన్ 17కూ ఇదే లెక్క కుదిరింది. 799 డాలర్లు, డాలరు 88 రూపాయలు, జీఎస్టీ కలిపితే 82,968. ఇక్కడ పెట్టిన ధర 82,900.

అన్ని రకాలకూ ఇలా కుదరదు. అదే ఏడు ఐఫోన్ 17 ప్రో అక్కడ 1,099 డాలర్లు. జీఎస్టీ కలిపి లెక్కేస్తే రూ. 1,14,120 రావాలి. ఇక్కడ పెట్టిన ధర రూ. 1,34,900. ఈ ఇరవై వేల పైన సొమ్ము జీఎస్టీతో తేలదు. ఏ దేశంలో ఎంత పెడితే కొనేవాళ్ళు కొంటారో చూసి ధర పెట్టేది కంపెనీయే. ఖరీదైన రకం కొనేవాడు ఇంకో ఇరవై వేలకు వెనకాడడని వాళ్ళ లెక్క కావచ్చు. తెలిసి కొనేవాళ్ళు కొనుక్కోవచ్చు, ప్రభుత్వం వేసిన పన్ను అనుకుని మాత్రం కొనవద్దు.

"మన జిల్లాలో తయారై మనకే ఎక్కువ ధరా?"

ఈ ప్రశ్న తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. మన కృష్ణగిరి జిల్లాలోనే టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉంది. మన బడిలో చదివిన పిల్లల ఇళ్ళ నుంచి కూడా అలాంటి ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సుల్లో పోతున్నారు. కోలారు జిల్లా నరసాపురలో ఇంకొకటి, శ్రీపెరుంబుదూరులో ఫాక్స్‌కాన్ ఉన్నాయి. 2017లో బెంగళూరు పీణ్యలో మొదలైన ఐఫోన్ బిగింపు పని ఇప్పుడు మన చుట్టూ ఉంది.

జవాబు రెండు భాగాలు. ఒకటి, ఇక్కడ జరిగేది ఎక్కువగా బిగింపు. చిప్పులు, తెరలు, కెమెరాలు వంటి ఖరీదైన భాగాలు చాలావరకు బయటి దేశాల నుంచి వస్తాయి. రెండు, జీఎస్టీ అనేది సరుకు తయారైన చోట పడే పన్ను కాదు, వాడే చోట పడే పన్ను. ఇక్కడ తయారై అమెరికాకు ఎగుమతి అయిన సెల్లు మీద మన జీఎస్టీ పడదు. దాని పన్ను అక్కడ కొన్నవాడు అక్కడి ప్రభుత్వానికి కడతాడు. ఇక్కడ కొన్నదాని పన్ను ఇక్కడి ప్రభుత్వాలకు, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంది. మన హోసూరు గులాబీలు బయటి దేశానికి పోయినప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఇక్కడ తయారుకాకుండా బయటి నుంచి వచ్చిన సెల్లయితే జీఎస్టీకి ముందే దిగుమతి సుంకం కూడా పడుతుంది. అది 2018లో 20 శాతానికి పెరిగింది, 2024 జూలై బడ్జెట్‌లో 15 శాతానికి తగ్గింది. ఈ సుంకం తప్పించుకోవడానికే కంపెనీలు చాలావరకు ఇక్కడ బిగింపు మొదలుపెట్టాయి. అలా చూస్తే ఆ సుంకం మన పిల్లలకు ఉద్యోగాలూ తెచ్చింది, కొన్ని సెల్‌ఫోన్ల ధరా పెంచింది.

తాళం: అన్నిటికన్నా నష్టం ఇక్కడే

సిమ్ లాక్ అంటే ఒకే కంపెనీ సిమ్‌తో పనిచేసేలా సెల్లుకు వేసిన తాళం. ఇది చేతికి కనబడదు. డబ్బా కొత్తది, తెర మెరుస్తుంది, వైఫైలో వీడియోలు కూడా వస్తాయి. మన సిమ్ వేస్తే మాత్రం "ఈ సిమ్ చెల్లదు" అంటుంది.

కెనడాలో 2017 డిసెంబరు నుంచి తాళం వేసి అమ్మకూడదు. జపానులో 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి నిషేధం. అమెరికాలో ఇంకా ఉంది. 2014లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం తాళం తీయించుకోవడం నేరం కాదు. కానీ కంపెనీ షరతులు తీరాలి. కంతులన్నీ కట్టి ఉండాలి, కొన్ని రోజులు లేదా నెలలు వాళ్ళ సిమ్ వాడి ఉండాలి.

మన బడి పిల్లవాడి తండ్రికి ఆయన బావమరిది అమెరికా నుంచి సెల్లు తెచ్చాడు. అక్కడ పెద్ద అంగట్లో యాభై డాలర్లకే దొరికిందట. అది ఒక ప్రీపెయిడ్ కంపెనీ తాళం వేసిన రకం. నెలల తరబడి అక్కడ ఆ కంపెనీ సర్వీసు వాడితేగానీ తాళం తీయరు. ఇక్కడ ఒక సెల్ అంగట్లో "రెండున్నర వేలిస్తే తీస్తాను" అన్నారు. డబ్బు తీసుకున్నారు, తాళం రాలేదు. నాలుగు వేల సెల్లుకు రెండున్నర వేలు పోయాయి. ఆ కుటుంబం అనుమతితోనే, మరొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

తాళం లేనంత మాత్రాన అన్నీ సరిపోతాయని కాదు. సిగ్నల్ వచ్చే తరంగాలకు బ్యాండ్లు అని నంబర్లు ఉంటాయి. మన జియో 4జీకి 3, 5, 40 నంబర్లు ముఖ్యం. అమెరికా కోసమే చేసిన కొన్ని ఆండ్రాయిడ్ సెల్‌ఫోన్లలో 40 ఉండదు. అప్పుడు కొన్నిచోట్ల సిగ్నల్ సరిగా రాకపోవచ్చు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీ కంపెనీలు ఈ-సిమ్ ఇస్తాయి కాబట్టి పనిచేస్తుంది. కానీ సెల్లు చెడినప్పుడు సిమ్ తీసి పాత నోకియాలో వేసుకునే వీలు ఉండదు. చైనాలో అమ్మే సెల్‌ఫోన్లలో గూగుల్ యాప్‌లు ఉండవు. చాలా జపాను రకాల్లో ఫొటో తీసేటప్పుడు వచ్చే చప్పుడు ఆపడానికి కుదరకపోవచ్చు. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. అయిదు వేలు మిగిలాయని సంతోషించి, తెర పగిలితే ఇక్కడ పదిహేను వేలు కట్టవలసి రావచ్చు.

తెప్పించే ముందు చేయవలసినవి

బంధువు అక్కడ డబ్బు కట్టకముందే ఫోను చేసి ఈ విషయాలు తేల్చుకోండి.

ఒకటి. "అన్‌లాక్డ్" అని డబ్బా మీద లేదా బిల్లు మీద రాసి ఉందా? వాడిన ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి క్యారియర్ లాక్ అనే చోట చూడమనండి. "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉండాలి.

రెండు. కంతులు బాకీ ఉన్నాయా? ఉంటే ఎవరు కడతారు?

మూడు. మోడల్ నంబరు వాట్సాప్‌లో పంపమనండి. బ్యాండ్ల వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మన కంప్యూటరు టీచరు చూసి చెబుతారు.

నాలుగు. వారంటీ ఇండియాలో చెల్లుతుందా?

అయిదు. కస్టమ్స్. ప్రయాణీకులు సుంకం లేకుండా తెచ్చుకునే సరుకుకు ఒక పరిమితి ఉంది. అది మారుతుంటుంది, ప్రయాణానికి ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూడాలి. వాడుకునే సొంత సెల్లు కాకుండా డబ్బాలో ఉన్న కొత్త సెల్‌ఫోన్లు ఆ పరిమితిలోకి వస్తాయి. పార్సిల్ మీద "గిఫ్ట్" అని రాస్తే సుంకం ఉండదన్నది పాత మాట. 2019 చివర నుంచి ఆ వసతి లేదు.

ఇక్కడే ఎవరి దగ్గరైనా పాత సెల్లు కొనేటప్పుడు స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కండి. పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేస్తే అది దొంగిలించిందని బ్లాక్ చేసినదో కాదో తెలుస్తుంది.

మన ఇంటి లెక్క

ఐఫోన్ల లెక్కలు ఎందుకు మాకు అని అడగవచ్చు. మన ఇళ్ళలో కొనేది పది, పన్నెండు వేల సెల్లు. ఆ ధరలో విదేశాల్లో కన్నా మన దేశంలోనే మంచి రకాలు దొరుకుతాయి. షియోమీ వంటి కంపెనీలు అమెరికాలో సెల్‌ఫోన్లు అధికారికంగా అమ్మడమే లేదు. కాబట్టి ఈ ధరలో బయటి నుంచి తెప్పించవలసిన పనే లేదు.

మనం చూసుకోవలసిన లెక్క రీచార్జిది. ఉదాహరణకు 28 రోజులకు రూ. 299 ప్లాను అనుకుందాం. "నెలకు 299" అంటాం కానీ 28 రోజులు నెల కాదు. ఏడాదిలో 365 రోజులు. 28తో భాగిస్తే 13 సార్లు రీచార్జి చేయాలి. పన్నెండు సార్లయితే 3,588, పదమూడు సార్లయితే 3,887. మూడేళ్ళకు 39 రీచార్జిలు, రూ. 11,661. సెల్లు ధరంత సొమ్ము రీచార్జికే పోతుంది. ఇంట్లో మూడు సెల్‌ఫోన్లుంటే మూడింతలు. 2022లో ట్రాయ్ ఆదేశం ప్రకారం ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను ఇవ్వాలి. అడిగి చూడండి, రెండూ లెక్కేసి ఏది తక్కువో అది తీసుకోండి.

చివరగా బడి తరఫున రెండు మాటలు. ఏ తరగతికీ సొంత స్మార్ట్‌ఫోను తప్పనిసరి అని మన బడి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పదు. ఇంటిపని వివరాలు నోటీసు బోర్డు మీద ఉంటాయి. గ్రూపులో వచ్చే సమాచారం ఒకే వీధిలో ఒక ఇంటికి అందితే, ఆ ఇంటివాళ్ళు మిగతా పిల్లలకు చెప్పాలని కోరుతున్నాం. సెల్లు లేదని ఏ పిల్లవాడూ తరగతిలో చిన్నబోకూడదు, దాని కోసం ఏ తల్లీ మెడలోది కుదువ పెట్టకూడదు.

పైన ఉన్న లెక్కల్ని గణితం మాస్టారు తొమ్మిది, పది తరగతుల్లో ఈ నెలలో చేయిస్తారు. పిల్లలు ఇంట్లోని ఒక సెల్లు బిల్లు, గత మూడు నెలల రీచార్జి వివరాలు నోటుబుక్కులో రాసుకుని రావాలి. విదేశం నుంచి సెల్లు తెప్పించాలనుకునేవాళ్ళు, డ్యూల మీద కొనాలనుకునేవాళ్ళు డబ్బు కట్టకముందు కాగితాలతో సాయంత్రం బడి వదిలాక ఆఫీసు గదికి రండి. కలిసి కూర్చుని చదువుదాం.

– ప్రధానోపాధ్యాయుడు